అమ్మకపు ప్రకటనలో గుర్రం ఛాయాచిత్రం: చూపును నిలిపే అంశాలు, నిజాన్ని తెలిపే పద్ధతులు

సారాంశం

గుర్రాల క్రయవిక్రయాలు సంత నుంచి ఫోను తెరకు మారుతున్న కొద్దీ, కొనుగోలుదారుడు పశువును చూడక ముందే దాని చిత్రాన్ని చూసి ఒక నిర్ణయానికి వస్తున్నాడు. ఏ చిత్రం అతని చూపును నిలుపుతుంది, ఏ చిత్రం అతనికి సరైన సమాచారం ఇస్తుంది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం కలిపి పరిశీలిస్తుంది. నేపథ్యం, నిలబెట్టే తీరు, కెమెరా దూరం, వెలుతురు అనే నాలుగు అంశాలను వివరించి, చిత్రం చెప్పలేని విషయాలను వేరుగా పేర్కొంటుంది. అనుభవం గల కొనుగోలుదారుని చూపును నిలిపేది అలంకారం కాదనీ, ఏదీ దాచని సంపూర్ణతేననీ ఈ వ్యాస ప్రతిపాదన. ఇదే పద్ధతిని పశువుల, గేదెల అమ్మకాలకు ఎలా అన్వయించవచ్చో చివర సూచించడం జరిగింది.

కీలక పదాలు: గుర్రం, ఛాయాచిత్రం, అమ్మకపు ప్రకటన, శరీర నిర్మాణం, విస్తరణ

పరిచయం

సస్యశాస్త్రం బోధించేవాడు గుర్రపు చిత్రాల గురించి వ్రాయడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు నడిపే ఒక పెద్దమనిషి మా క్షేత్రానికి తరచు వచ్చేవాడు. నేపియర్ గడ్డి కణుపులు తీసుకువెళ్ళి తన కౌలు చెక్కలో నాటుకొనేవాడు. ఒకనాడు ఫోను తెరిచి, ఉత్తరాది నుంచి వచ్చిన ఒక ప్రకటనలోని తెల్లని ఆడగుర్రం చిత్రం చూపించాడు. నిండైన మెడ, మెరిసే జూలు, వెనుక పచ్చని ఓటు మేత చేను. గుర్రం ఆ చేనులోనే నిలబడి ఉంది. "ఎట్లా ఉంది సారూ?" అని అడిగితే, "మేత మంచిది వేసినట్లున్నారు" అన్నాను. నా కన్ను నా విద్య వైపు పోయింది. నేను చేనును చూశాను, గుర్రాన్ని చూడలేదు.

అప్పు తెచ్చి కొన్నాడు. లారీ దిగిన గుర్రానికి ముందు కుడి గిట్ట పైఅంచు నుంచి నేల వరకు నిలువునా చీలి ఉంది. గిట్ట గోడ నెలకు సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది కనుక, అటువంటి చీలిక పూర్తిగా కిందికి దిగిపోవడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. తారు రోడ్డు మీద ఊరేగింపులో నడవలేని గుర్రంతో ఆ కుటుంబానికి ఒక పెళ్ళిళ్ళ కాలం పూర్తిగా పోయింది. అమ్మినవాడిని ఫోనులో నిలదీస్తే, "చిత్రంలో ఉన్న గుర్రాన్నే పంపాను" అన్నాడు. అది నిజమే. చిత్రంలో అబద్ధం ఏమీ లేదు. మోకాలి కిందికి పెరిగిన మేతలో నాలుగు గిట్టలూ మునిగి ఉన్నాయి, అంతే. "మీరు కూడా చూశారు కదా సారూ" అని అతడు అన్న మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆనాటి నుంచి ఇటువంటి చిత్రాలను శ్రద్ధగా పరిశీలించడం, పశువైద్య మిత్రులతో చర్చించడం, తీసి చూడడం అలవాటయింది. విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఆ పరిశీలనను ఇక్కడ క్రమబద్ధంగా అందిస్తున్నాను.

చూడకుండా కొనడం: ఒక పాత సమస్య

దూరం నుంచి గుర్రాన్ని కొనడం ఫోనుతో పుట్టిన సమస్య కాదు. దక్షిణాదిన మేలుజాతి గుర్రాలు తగినంతగా పుట్టకపోవడం వలన విజయనగర రాజులు హొర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి వాటిని ఓడల మీద రప్పించేవారు. 16వ శతాబ్దంలో విజయనగరంలో గడిపిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ తన వృత్తాంతంలో ఒక విచిత్రమైన సంగతి నమోదు చేశాడు. సాళువ నరసింహరాయలు సముద్రంలో చనిపోయిన గుర్రాలకు సైతం వెల చెల్లించేవాడట; వర్తకుడు ఆ గుర్రపు తోకను తెచ్చి చూపితే చాలునట. సైన్యానికి గుర్రాలు ఆగకుండా రావాలనే రాజనీతి దాని వెనుక ఉంది. అయినా మన ప్రస్తుత విషయానికి అందులో ఒక సూచన కనిపిస్తుంది. కొనేవానికి గుర్రం మొత్తం అందనప్పుడు, దానిలో ఒక భాగం సాక్ష్యంగా నిలుస్తుంది. నాడు ఆ సాక్ష్యం తోక; నేడు ఛాయాచిత్రం. ఆ రాజు నష్టాన్ని భరించగలిగాడు. ఒక్క గుర్రంతో బ్రతికే కుటుంబం భరించలేదు.

ఉత్తర, పశ్చిమ భారతంలో నేటికీ పుష్కర్, సోన్‌పుర్, మహారాష్ట్రలో తాపీ తీరాన ఉన్న సారంగ్‌ఖేడా వంటి సంతలలో గుర్రాలు చేతులు మారుతున్నాయి. సంతలో కొనేవాడు గుర్రం చుట్టూ తిరుగుతాడు, కాలు ఎత్తి చూస్తాడు, నోరు తెరిపిస్తాడు, పరుగెత్తించి చూస్తాడు. ప్రకటనలోని చిత్రం ఈ నాలుగు పనులలో ఎన్నింటికి బదులు చెప్పగలదన్నదే దాని విలువకు కొలమానం.

చిన్న తెర మీద చూపు దేనిని పట్టుకుంటుంది?

ఫోను తెర మీద ప్రకటనలు వరుసగా జరిగిపోతుంటాయి. ఒక్కొక్క చిత్రం అగ్గిపెట్టెంత ఉంటుంది. ఆ పరిమాణంలో కండరాల తీరు, వెంట్రుకల మెరుపు కనిపించవు. కనిపించేది గుర్రపు బాహ్యరేఖ మాత్రమే. మెడ వంపు, మూపు ఎత్తు, వీపు వాలు, పిరుదుల గుండ్రం, నాలుగు కాళ్ళు వేర్వేరుగా తెలియడం: ఇవి స్పష్టంగా ఉంటే చూపు ఆగుతుంది. బాహ్యరేఖ వెనుకనున్న వస్తువులతో కలిసిపోతే చూపు జారిపోతుంది.

కనుక మొదటి నియమం నేపథ్యానికి సంబంధించినది. ముదురు రంగు గుర్రాన్ని లేతరంగు గోడ ముందు, తెల్ల గుర్రాన్ని చెట్ల వరుస వంటి ముదురు నేపథ్యం ముందు నిలబెట్టాలి. వీపు మీదుగా మొలిచినట్లు కనిపించే కరెంటు స్తంభం, కాళ్ళ మధ్య కనిపించే బకెట్టు, వెనుక కట్టేసిన మరో పశువు బాహ్యరేఖను చెడగొడతాయి. ఆంగ్ల చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ సుమారు 1762లో చిత్రించిన విజిల్‌జాకెట్ అనే గుర్రపు పటం ప్రస్తుతం లండన్ జాతీయ చిత్రశాలలో ఉంది. దాదాపు నిలువెత్తు పరిమాణం గల ఆ పటంలో చెట్టు లేదు, కొండ లేదు, రౌతు లేడు. ఏకరంగు తెర ముందు గుర్రం ఒక్కటే ఉంది. గుర్రాలను కోసి, వాటి ఎముకలను, కండరాలను పరిశీలించి 1766లో అశ్వ శరీర నిర్మాణంపై గ్రంథం ప్రకటించిన వ్యక్తి చేసిన ఎంపిక అది.

రెండవది తల. బాహ్యరేఖ మీద ఆగిన చూపు వెంటనే ముఖానికి, చెవులకు వెళుతుంది. ముందుకు నిక్కిన చెవులు గుర్రం చురుకుగా, భయం లేకుండా ఉందని తెలుపుతాయి. వెనుకకు అణగిన చెవులు కోపానికో బాధకో గుర్తు. మన దేశవాళీ జాతుల విషయంలో చెవులకు మరింత ప్రాధాన్యం ఉంది. రాజస్థాన్‌కు చెందిన మార్వాడీ, సౌరాష్ట్రకు చెందిన కాఠియావాడీ గుర్రాల చెవులు పైకి లేచి కొనల వద్ద లోపలికి వంగుతాయి; కొన్నింటిలో రెండు కొనలూ తాకుతాయి. చెవులు నిక్కి ఉన్నప్పుడు ఎదురుగా తీసిన చిత్రంలోనే ఈ జాతి లక్షణం తెలుస్తుంది. దాణా డబ్బాను గలగలలాడించడం, ఫోనులో మరో గుర్రపు సకిలింపు వినిపించడం వంటి చిన్న ఉపాయాలతో గుర్రం దృష్టిని ఒక క్షణం ముందుకు మళ్ళించవచ్చు. ఆ శబ్దం చేసే మనిషి చిత్రం తీసేవాని పక్కన కాక, గుర్రపు ముఖం తిరగవలసిన దిక్కున నిలబడాలి.

మూడవది కాళ్ళు. సామాన్యుడు ముఖం దగ్గర ఆగిపోతాడు. గుర్రాలు తెలిసినవాడు ముఖం నుంచి కాళ్ళకు దిగుతాడు. చూపు అక్కడికి చేరినప్పుడు గడ్డి, బురద లేదా చిత్రపు అంచు అడ్డు వస్తే, తెలిసినవాడు ఆ ప్రకటనను వదిలివేస్తాడు, తెలియనివాడు మోసపోతాడు.

నిలబెట్టే తీరు

పక్క నుంచి తీసే నిలువు చిత్రం అమ్మకపు ప్రకటనకు ఆధారం. ఇందులో గుర్రాన్ని నాలుగు కాళ్ళూ విడివిడిగా కనిపించేటట్లు నిలబెట్టాలి. కెమెరా వైపున్న ముందు కాలు నిటారుగా, అవతలి ముందు కాలు దానికి కొద్దిగా వెనుకగా ఉండాలి. కెమెరా వైపున్న వెనుక కాలు కొద్దిగా వెనుకకు, అవతలి వెనుక కాలు కొద్దిగా ముందుకు ఉండాలి. ఈ విధంగా నిలబెడితే ఏ కాలూ మరొక దానిని కప్పదు.

అప్పుడు కొనేవాడు తన మనసులోనే కొన్ని లంబ రేఖలు గీసుకోగలుగుతాడు. పక్క నుంచి చూసినప్పుడు, పిరుదు చివరి ఎముక నుంచి కిందికి వదిలిన లంబం వెనుక కాలి మడమ కీలు వెనుక అంచును తాకి, కింది ఎముక వెంబడి దిగాలి. ఎదురుగా చూసినప్పుడు, భుజం కొన నుంచి వదిలిన లంబం మోకాలి మధ్యగా, గిట్ట మధ్యగా పోవాలి. ఈ రేఖల నుంచి కాళ్ళు బాగా తొలగితే కీళ్ళ మీద బరువు అసమానంగా పడుతుంది. కెమెరా ఒక వైపుకు వంగి ఉంటే ఈ లంబాలన్నీ తప్పుతాయి. కనుక గోడ అంచు వంటి ఒక నిటారు గీత చిత్రంలో ఉండడం మేలు.

నేల చదునుగా, గట్టిగా, శుభ్రంగా ఉండాలి. సిమెంటు గచ్చు లేదా గట్టిపడిన మట్టి నేల ఉత్తమం. ముందు కాళ్ళను ఎత్తు మీద నిలబెడితే మూపు ఎత్తుగా, భుజం బలంగా కనిపిస్తుంది. అది నేల ఇచ్చిన ఎత్తు, గుర్రానిది కాదు. జీను, పూసల అలంకరణ, ఊరేగింపు వస్త్రాలు తొలగించాలి. జీను వీపు వంపును, పాత పుండ్ల మచ్చలను కప్పుతుంది. కళ్ళెం, పగ్గం చాలు. పగ్గం పట్టుకున్న మనిషి గుర్రానికి ముందు, దాని భుజానికి అడ్డం రాకుండా నిలబడాలి.

కెమెరా దూరం, ఎత్తు

ఫోనుతో తీసిన చిత్రాలలో అత్యధిక దోషాలకు మూలం దూరం. ఒక చిన్న లెక్క దీనిని స్పష్టం చేస్తుంది. గుర్రాన్ని కెమెరాకు ఎదురుముఖంగా నిలబెట్టి, ముట్టెకు 2 మీటర్ల దూరం నుంచి చిత్రం తీశామనుకుందాం. పిరుదులు మరో 2 మీటర్ల వెనుక, అనగా కెమెరాకు 4 మీటర్ల దూరంలో ఉంటాయి. దూరం రెట్టింపయితే చిత్రంలో పరిమాణం సగమవుతుంది. కనుక తలతో పోల్చినప్పుడు పిరుదులు ఉండవలసిన దానిలో సగంగా కనిపిస్తాయి. పెద్ద తల, బక్క వెనుక భాగం గల వికారపు గుర్రం తెర మీదికి వస్తుంది. అదే గుర్రాన్ని 10 మీటర్ల దూరం నుంచి తీస్తే తల 10 మీటర్ల వద్ద, పిరుదులు 12 మీటర్ల వద్ద ఉంటాయి. తేడా ఆరింట ఒక వంతుకు తగ్గుతుంది.

పక్క నుంచి తీసేటప్పుడు కూడా దగ్గరగా నిలబడి కెమెరాను కొద్దిగా ఏటవాలుగా పట్టుకుంటే ఇదే దోషం వస్తుంది. తల వైపు నిలబడితే తల, పిరుదుల వైపు నిలబడితే పిరుదులు పెరుగుతాయి. ఏ భాగం బలహీనంగా ఉందో ఆ భాగం వైపు నిలబడి తీయడం దళారులకు తెలిసిన విద్యే. కావున 8 నుంచి 10 మీటర్లు వెనుకకు వెళ్ళి, ఫోనులోని దూరపు కటకాన్ని వాడి, గుర్రపు ఛాతీకి కొద్దిగా వెనుకగా, దేహానికి నిలువు కోణంలో నిలబడి తీయాలి. తర్వాత చిత్రాన్ని కత్తిరించుకోవచ్చు; నాలుగు వైపులా కొంత ఖాళీ వదలాలి.

కెమెరా ఎత్తు గుర్రపు డొక్క మధ్య భాగానికి సమానంగా, అనగా నేల నుంచి ఇంచుమించు ఒక మీటరు ఉండాలి. మనిషి నిలబడి కంటి ఎత్తు నుంచి కిందికి వంచి తీస్తే కాళ్ళు పొట్టిగా కనిపిస్తాయి. నేల మీద కూర్చొని పైకి ఎత్తి తీస్తే సాధారణ గుర్రం కూడా ఎత్తయినదిగా కనిపిస్తుంది. ఒక మోకాలి మీద కూర్చోవడం సరైన పద్ధతి.

ఎత్తును చిత్రం మీద వదలక కొలిచి వ్రాయాలి. చదునైన నేల మీద మూపు ఎత్తైన బిందువు వరకు కొలిచినదే గుర్రపు ఎత్తు. తల ఎత్తు లెక్కకు రాదు. గుర్రాల వర్తకంలో ఈ కొలతను హ్యాండ్‌లలో చెబుతారు. ఒక హ్యాండ్ 4 అంగుళాలు. ప్రకటనలో 15.2 అని ఉంటే అది 15 హ్యాండ్‌ల 2 అంగుళాలు, అనగా 62 అంగుళాలు. విద్యార్థులు దీనిని దశాంశంగా భావించి పొరబడుతుంటారు.

వెలుతురు, రంగు

సూర్యుడు చిత్రం తీసేవాని వెనుక, కొద్దిగా పక్కకు ఉండాలి. ఉదయం, సాయంకాలపు ఏటవాలు ఎండలో కండరాల ఆకృతి, వెంట్రుకల నిగారింపు తెలుస్తాయి. నడినెత్తి ఎండలో వీపు తెల్లబడి, పొట్ట కింద, కాళ్ళ మధ్య చిక్కని నీడ పడుతుంది. కొనేవానికి అవసరమైన కింది భాగమే ఆ నీడలో పోతుంది.

కెమెరా తన ముందున్న దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందనే అంచనాతో వెలుతురును నిర్ణయిస్తుంది. కనుక తెర నిండా తెల్ల గుర్రం ఉంటే చిత్రం మసకబారుతుంది; నల్ల గుర్రం ఉంటే అది వెలిసిన బూడిద రంగుకు మారుతుంది. తెర మీద గుర్రాన్ని తాకి, తెల్ల గుర్రానికి వెలుతురును కొద్దిగా పెంచి, నల్ల గుర్రానికి కొద్దిగా తగ్గించి తీస్తే అసలు రంగు వస్తుంది. పెళ్ళి ఊరేగింపులకు తెల్ల గుర్రాలకే గిరాకీ ఎక్కువ కనుక, తెల్లదనాన్ని కృత్రిమంగా పెంచే వడపోతలు ఈ వర్తకంలో విరివిగా కనిపిస్తాయి. అటువంటి చిత్రంలో గుర్రంతో పాటు గోడ, నేల, మనిషి చొక్కా కూడా అసహజంగా తెల్లబడి ఉంటాయి. చుట్టూ ఉన్న వస్తువులను చూస్తే మోసం తెలిసిపోతుంది.

ప్రకటనకు ఉండవలసిన చిత్రాలు

ఒక్క చిత్రం చూపును నిలపగలదు కాని నిర్ణయానికి చాలదు. ఈ క్రింది వరుస ఉపయోగకరం.

1. ఎడమ పక్క నుంచి పూర్తి దేహం. ఇది ప్రకటనలో మొదట కనిపించవలసిన చిత్రం.
2. కుడి పక్క నుంచి పూర్తి దేహం. ఒక పక్క చిత్రమే ఇస్తే రెండవ పక్క ఏదో ఉందని అనుభవజ్ఞులు అనుమానిస్తారు.
3. ఎదురుగా, నాలుగు కాళ్ళ మీద సమంగా నిలబడినప్పుడు.
4. వెనుక నుంచి, తోకను ఒక పక్కకు పట్టుకొని.
5. తల, చెవులు దగ్గరగా.
6. కడిగి ఆరబెట్టిన నాలుగు గిట్టలు, ముందు నుంచీ అడుగు నుంచీ.
7. ముందు పళ్ళు.
8. మచ్చలు, పాత గాయాలు, ముద్రలు, సుడులు.
9. గట్టి నేల మీద నడక, దుడుకు నడక చూపే చిన్న వీడియో. పక్క నుంచి, ఎదురుగా, వెనుక నుంచి.

సుడుల గురించి ఒక మాట చెప్పవలసి ఉంది. మన ప్రాంతంలో ఎద్దులకు చూసినట్లే గుర్రాలకు సుడులు చూసి శుభాశుభాలు నిర్ణయించడం అనాదిగా ఉంది. మార్వాడీ గుర్రాల పెంపకందారులలో కూడా ఈ నమ్మకం బలంగా ఉంది. ఆ ఫలితాలకు శాస్త్రీయ ఆధారం లేదు. అయితే సుడుల స్థానం గుర్రానికి జీవితాంతం మారదు కనుక, గుర్తింపు పత్రాలలో వాటిని నమోదు చేయడం అంతర్జాతీయంగా అమలులో ఉంది. చిత్రంలో కనిపించిన గుర్రమే ఇంటికి వచ్చిందని నిర్ధారించుకోవడానికి సుడి ఒక మంచి సాక్షి.

పళ్ళ చిత్రం వయసును అంచనా వేయడానికి తోడ్పడుతుంది. గుర్రానికి ముందు పళ్ళలో మధ్య జత సుమారు రెండున్నర ఏళ్ళకు, దాని పక్క జత మూడున్నర ఏళ్ళకు, మూల జత నాలుగున్నర ఏళ్ళకు పాలపళ్ళు రాలి శాశ్వత పళ్ళుగా వస్తాయి. ఎగువ దవడ మూలపంటి మీద ఒక నిలువు గాడి సుమారు 10 ఏళ్ళకు చిగురు వద్ద మొదలై, 15 ఏళ్ళకు సగం వరకు, 20 ఏళ్ళకు చివరి వరకు దిగుతుంది. ఇవి అంచనాలే అయినా, "ఎనిమిదేళ్ళ గుర్రం" అని వ్రాసి పొడవైన గాడి గల పంటిని చూపే ప్రకటనను పట్టివ్వడానికి చాలు.

నిశ్చల చిత్రం చెప్పలేనివి

1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 12 కెమెరాలను వరుసగా అమర్చి పరుగెత్తే గుర్రాన్ని చిత్రించాడు. పరుగులో ఒక క్షణం నాలుగు గిట్టలూ గాలిలో ఉంటాయని, అది కాళ్ళు చాచినప్పుడు కాక పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు జరుగుతుందని ఆ చిత్రాలు నిరూపించాయి. అంతవరకు చిత్రకారులు ముందు కాళ్ళు ముందుకు, వెనుక కాళ్ళు వెనుకకు చాచిన గుర్రాలనే గాలిలో చిత్రించేవారు. కన్ను పట్టలేని దానిని కెమెరా పట్టింది.

కాని ఇదే సంఘటన మరో పాఠం కూడా నేర్పుతుంది. గమనం తెలియాలంటే వరుసగా అనేక చిత్రాలు కావలసి వచ్చాయి, ఒక్కటి చాలలేదు. జూలు ఎగురుతూ పరుగెత్తే గుర్రం చిత్రం కంటికి ఇంపుగా ఉంటుంది, చూపును వెంటనే లాగుతుంది. అయితే అందులో కుంటితనం కనిపించదు. ముందు కాలిలో నొప్పి ఉన్న గుర్రం దుడుకు నడకలో ఆ కాలు నేలకు తగిలినప్పుడు తలను పైకి ఎత్తుతుంది, మంచి కాలు ఆనినప్పుడు దించుతుంది. ఈ తల ఊపు వీడియోలోనే తెలుస్తుంది. అందువలన పరుగు చిత్రాన్ని అదనంగా ఇవ్వవచ్చు గాని, దానినే ప్రధాన చిత్రంగా ఇవ్వడం సరికాదు.

ఒంటి పుష్టి విషయంలో కూడా చిత్రానికి పరిమితి ఉంది. అమెరికాలోని టెక్సాస్‌లో హెన్నెకె, ఆయన సహచరులు 1983లో ప్రకటించిన 1 నుంచి 9 వరకు గల పుష్టి కొలమానం నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. మెడ, మూపు, భుజం వెనుక భాగం, పక్కటెముకలు, నడుము, తోక మొదలు అనే ఆరు చోట్ల కొవ్వును చూసి, చేతితో తాకి ఈ అంకె వేస్తారు. చలికాలపు పొడవైన వెంట్రుకలు పక్కటెముకలను కప్పివేస్తాయి కనుక తాకకుండా చెప్పిన పుష్టి నమ్మదగినది కాదు.

అన్నింటికన్న ముఖ్యమైనది వ్యాధి. గ్లాండర్స్ అనే బాక్టీరియా వ్యాధి గుర్రాలకు, గాడిదలకు, కంచర గాడిదలకు వస్తుంది, మనుషులకూ సోకుతుంది. దీనికి టీకా లేదు. మన దేశంలో ఇది 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద తప్పక తెలియజేయవలసిన వ్యాధి. పరీక్షలో నిర్ధారణ అయిన పశువును మానవీయ పద్ధతిలో తొలగించవలసి ఉంటుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే గుర్రంలో కూడా ఈ వ్యాధి ఉండవచ్చు. ఎంత మంచి చిత్రమైనా రక్త పరీక్ష పత్రానికి సాటి రాదు. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ వ్యాధి నిర్ధారణలో కీలకమైన సంస్థ. బయటి రాష్ట్రం నుంచి గుర్రాన్ని తెచ్చేవారు ముందుగా స్థానిక పశువైద్యుని సంప్రదించి, పరీక్ష ఫలితం అందిన తర్వాతనే లారీ ఎక్కించాలి.

దోషాన్ని చూపితే ధర తగ్గదా?

శిక్షణ తరగతులలో అమ్మకందారులు వేసే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్న. మచ్చను చూపితే కొందరు వెనుదిరుగుతారు, అది నిజం. అయితే వారు గుర్రాన్ని చూసిన తర్వాత ఎలాగూ వెనుదిరిగేవారే. చిత్రంలో ముందే చూసి వచ్చినవాడు మచ్చను చూపి ధర తగ్గించమని గేటు వద్ద పేచీ పెట్టలేడు. పైగా, ఒక దోషాన్ని స్వయంగా చూపిన అమ్మకందారుడు మిగిలిన విషయాలలో కూడా నిజం చెప్పాడని కొనేవాడు భావిస్తాడు. దూరపు వర్తకంలో నమ్మకానికి ఇంతకు మించిన పెట్టుబడి లేదు. ఒకటే గుర్రం అమ్మి కనిపించకుండా పోయేవానికి ఈ వాదన పట్టదు. ఏటా పిల్లలను అమ్ముకొని బ్రతికే పెంపకందారునికి పడుతుంది.

కొనేవాని వైపు నుంచి కొన్ని జాగ్రత్తలు అవసరం. ఇతరుల చిత్రాలను దొంగిలించి, బయానా సొమ్ము పంపమని ఒత్తిడి చేయడం నేడు సాధారణమయింది. నాటి తేదీని కాగితం మీద వ్రాసి, గుర్రం పక్కన పట్టుకొని కొత్త చిత్రం పంపమని కోరాలి. వీడియో కాల్‌లో తాను చెప్పిన కాలిని ఎత్తి చూపమని అడగాలి. గుర్రం నిజంగా ఉన్నవానికి ఈ పని ఐదు నిమిషాలది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రం కుదించబడి వివరాలు కోల్పోతుంది కనుక, గిట్టల చిత్రాలను డాక్యుమెంటు రూపంలో పంపమనడం మంచిది.

విస్తరణ కార్యక్రమాలకు అన్వయం

తెలుగు రాష్ట్రాలలో గుర్రాలు తక్కువ. ఫోనులో చిత్రం చూసి గేదెను, ఆవును, గొర్రెలను కొనే రైతులు ఎక్కువ. దూరం, ఎత్తు, వెలుతురు, నేల గురించి పైన చెప్పినవన్నీ వాటికీ వర్తిస్తాయి. చూపవలసిన భాగాలు మాత్రం మారతాయి. ఒంగోలు గిత్తకు మూపురం, కాళ్ళ నిలకడ, గిట్టలు ముఖ్యం. పాడి గేదెకు పొదుగును పక్క నుంచీ వెనుక నుంచీ చూపాలి. ఒక పూట పాలు తీయకుండా ఆపి, నిండిన పొదుగును చిత్రించడం పాత ఎత్తుగడ. పాలు తీయక ముందు ఒకటి, తీసిన తర్వాత ఒకటి అడిగితే పొదుగు నిజస్థితి తెలుస్తుంది. చెవికి ఉన్న 12 అంకెల గుర్తింపు పోగు చదవగలిగేటట్లు ఒక చిత్రం ఉండాలి. చిత్రంలోని పశువు, ఇంటికి వచ్చిన పశువు ఒకటేనని తేల్చేది అదే.

కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలో దీనిని అరపూట ప్రయోగ పాఠంగా చేర్చవచ్చు. ఒకే పశువును విద్యార్థులు రెండు జట్లుగా చిత్రించాలి. మొదటి జట్టు 2 మీటర్ల నుంచి, నిలబడి, పచ్చికలో తీయాలి. రెండవ జట్టు 10 మీటర్ల నుంచి, మోకాలి మీద కూర్చొని, గచ్చు మీద తీయాలి. రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచి, మూడవ జట్టును ఆ పశువు ఎత్తు, కాళ్ళ తీరు, గిట్టల స్థితి వ్రాయమని కోరాలి. తర్వాత పశువును కొలిచి పోల్చాలి. ఉపన్యాసం కన్న ఈ పోలిక బాగా గుర్తుంటుంది.

ముగింపు

అమ్మకపు చిత్రంలో చూపును నిలిపే గుణాలు, నిజాన్ని తెలిపే గుణాలు వేర్వేరని సాధారణంగా భావిస్తారు. పరిశీలిస్తే అవి చాలావరకు ఒకటే. నిరాడంబరమైన నేపథ్యం, విడివిడిగా కనిపించే కాళ్ళు, సరైన దూరం, ఏటవాలు వెలుతురు గుర్రాన్ని అందంగానూ చూపుతాయి, ఉన్నది ఉన్నట్లుగానూ చూపుతాయి. ఈ రెండూ విడిపోయిన చోట, అనగా అందం కోసం ఏదో ఒక భాగం కప్పబడిన చోట, కొనేవాడు ఆగి ప్రశ్నించాలి. ఆ ప్రశ్న అడగడం రైతుకు నేర్పడమే విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

పరిచయంలో పేర్కొన్న పెద్దమనిషి గిట్ట నయమయ్యే వరకు ఆ ఆడగుర్రాన్ని మేపి నిలుపుకున్నాడు. రెండేళ్ళ తర్వాత తన మరొక గుర్రాన్ని అమ్మదలచి, చిత్రాలు తీసిపెట్టమని నన్ను పిలిచాడు. నేను వెళ్ళేసరికి గుర్రం సిమెంటు గచ్చు మీద, కడిగిన కాళ్ళతో నిలబడి ఉంది. ఫోను బయటకు తీసి ముఖం వైపు తిప్పబోతుంటే, "ముందు గిట్టలు తీయండి సారూ" అన్నాడు.